అమ్ముగూడ కుర్రాడు, కలకత్తా ఆశ

మా అపార్ట్‌మెంట్ నుంచి బండి మీద పది నిమిషాలు వెళితే అమ్ముగూడ రైల్వే స్టేషన్ వస్తుంది. చిన్న స్టేషన్. ఆరేళ్ళుగా ఆ గేటు దగ్గర ఆగుతూనే ఉన్నాను. గేటు పడినప్పుడు ఫోన్ చూసుకోవడం, లేచినప్పుడు హారన్ కొట్టడం తప్ప ఆ ఊరి పేరుతో నాకు వేరే సంబంధం లేదు.

2022లో కలకత్తా ఆఫీసు నుంచి మా టీమ్‌లో పనిచేసే ఒకతను ప్రాజెక్టు పని మీద హైదరాబాద్ వచ్చాడు. చార్మినార్ చూపిస్తానన్నాను. బిర్యానీ తినిపిస్తానన్నాను. అతను అన్నిటికీ సరేనని, "అమ్ముగూడ ఎంత దూరం?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. అక్కడ చూడ్డానికి ఏముందన్నాను. "బలరామ్ ఊరు కదా! మా తాతయ్య ఈస్ట్ బెంగాల్ సభ్యుడు. ఇంట్లో దేవుడి పటాల పక్కన బలరామ్ ఫొటో ఉండేది" అన్నాడు.

ఏ బలరామ్ అని అడగాల్సి వచ్చింది నేను. ఆ క్షణం ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. ఎందుకంటే అదే ఏడాది మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ టైబ్రేకర్లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఐఎస్ఎల్ గెలిచిన రాత్రి నేనూ అరిచినవాణ్ణే. ఆ సీజన్లో ఒగ్బెచే పద్దెనిమిది గోల్స్ కొట్టాడని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నైజీరియా నుంచి వచ్చిన ఫార్వర్డ్ లెక్కలు నా నోటికి వచ్చు. పది నిమిషాల దూరంలో పుట్టిన ఫార్వర్డ్ పేరు రాదు.

ఆ ఇబ్బందిలోంచి పుట్టిన చదువే ఈ వ్యాసం. ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు పెద్ద క్లబ్బులో చేరితే దాని అభిమానులు అతని మీద ఏం పెట్టుకుంటారు, అతను వాళ్ళకి ఏమిస్తాడు, చివరికి ఎవరికెంత బాకీ మిగులుతుంది అన్నది నా ప్రశ్న. ఇప్పటి యూరోపియన్ క్లబ్బుల్లో దీనికి వంద ఉదాహరణలు దొరుకుతాయి. నాకు మాత్రం 1957 నాటి కలకత్తాయే కావాలి.

*

తుల్సీదాస్ బలరామ్ 1936లో సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టాడు. కంటోన్మెంట్ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకి ఫుట్‌బాల్ కొత్త కాదు. ఆర్మీ గ్రౌండ్లలో సిపాయిలు ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూసి నేర్చుకున్న తరం అది. ఇప్పుడు హైదరాబాద్ అంటే క్రికెట్, బ్యాడ్మింటన్ అనుకుంటాం గానీ, 1950లలో ఈ ఊరు దేశపు ఫుట్‌బాల్ రాజధానుల్లో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. దాని వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసి కోచ్ అయినవాడు. మనలో చాలామందికి 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ద్వారానే తెలిసిన పేరు.

రహీం సాబ్ బలరామ్‌ని ఊళ్ళో మ్యాచుల్లో చూసి సంతోష్ ట్రోఫీ శిబిరానికి రమ్మన్నాడు. శిబిరం ఫతే మైదాన్‌లో, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియంలో. అమ్ముగూడ నుంచి అక్కడికి రోజూ రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. ఆ మాటే చెప్పాడు. అద్దె సైకిలుకి డబ్బు రహీం తన జేబులోంచి ఇచ్చాడు. ఈ సంగతి బలరామ్ పెద్దవాడయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. వ్యాసం చివర్లో మళ్ళీ ఈ సైకిలు దగ్గరికే వస్తాను.

ఆ తర్వాత అంతా చాలా వేగంగా జరిగింది. హైదరాబాద్ జట్టు వరసగా రెండేళ్ళు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఇండియా సెమీఫైనల్‌కి వెళ్ళింది. అక్కడ యుగోస్లావియా చేతిలో ఓడి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో మనకి అదే ఇప్పటిదాకా అత్యుత్తమం. ఆ జట్టులో అమ్ముగూడ కుర్రాడూ ఉన్నాడు. వెనక్కి వచ్చిన మరుసటి ఏడాది, 1957లో, ఈస్ట్ బెంగాల్ అతన్ని తీసుకుపోయింది.

*

ఈస్ట్ బెంగాల్ అభిమానుల సంగతి తెలియకపోతే ఆ చేరికలో ఉన్న బరువు తెలియదు.

ఆ క్లబ్బు 1920 ఆగస్టు 1న పుట్టింది. అది పుట్టడమే ఒక అవమానంలోంచి పుట్టింది. మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి జోరాబగాన్ అనే జట్టు తన తూర్పు బెంగాల్ ఆటగాడొకణ్ణి పక్కన పెట్టింది. దానికి కోపమొచ్చి బయటికొచ్చినవాళ్ళు తమ ప్రాంతం పేరుతోనే క్లబ్బు పెట్టుకున్నారు. అప్పటికి అది ఒక నగరంలో రెండు యాసల మధ్య పోటీ మాత్రమే. 1947 తర్వాత ఆ పేరుకి అర్థం మారిపోయింది. తూర్పు బెంగాల్ అనే చోటే పరదేశమైపోయింది. లక్షలమంది సియాల్దా ప్లాట్‌ఫాం మీద దిగారు, అక్కడే పడుకున్నారు, దక్షిణ కలకత్తాలో ఖాళీ స్థలాలు ఆక్రమించి కాలనీలు కట్టుకున్నారు. ఢాకా, బారిసాల్, మైమన్‌సింగ్ ఇక మాటల్లో తప్ప లేవు. కానీ వారానికోసారి మైదాన్‌లో ఎరుపు, బంగారు రంగు జెర్సీ వేసుకుని 'ఈస్ట్ బెంగాల్' గెలిచే వీలుండేది. పోయిన ఊరి పేరు స్కోరుబోర్డు మీద మిగిలింది.

మా కొలీగ్ వాళ్ళ తాతయ్య 1950లో బారిసాల్ నుంచి వచ్చినాయన. ఇంట్లో రెండు పూటలా అన్నం లేని రోజుల్లో కూడా మ్యాచ్ టికెట్టుకి డబ్బు విడిగా దాచేవాడట. "నానమ్మ తిట్టేది. తాతయ్య ఒకటే మాట అనేవాడు. అన్నం లేకపోతే రేపు తింటాం, ఇవాళ ఓడిపోతే ఏం చేస్తాం, అని" అని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. ఆ మాటలో నవ్వేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

బలరామ్ వచ్చేనాటికి ఈ జనానికి ఒక పాత రుచి నాలుక మీద ఉంది. 1949 నుంచి కొన్నేళ్ళపాటు వాళ్ళ ఫార్వర్డ్ లైనుని పంచపాండవులు అనేవాళ్ళు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే. (అప్పారావు పేరు చదవగానే నాకు మా బంధువు ఎవరో కనపడ్డట్టయింది.) వాళ్ళ కాలంలో ఈస్ట్ బెంగాల్ 1949, 50, 51లలో వరసగా ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. 1949, 50, 52లలో కలకత్తా లీగ్ గెలిచింది.

ఆ తర్వాత లీగ్ రాలేదు. 1954, 55, 56, మూడేళ్ళూ మోహన్ బగాన్‌వే. పక్కింటివాళ్ళు వరసగా మూడు పెళ్ళిళ్ళు చేస్తుంటే మనింట్లో దీపం లేనట్టు. ఆ పరిస్థితిలో దక్షిణాది నుంచి, ఒలింపిక్స్ ఆడొచ్చిన, ఇరవై ఏళ్ళ ఫార్వర్డ్ ఒకడు వస్తున్నాడంటే జనం ఏమనుకుంటారు? ఆరో పాండవుడు వచ్చాడనుకుంటారు.

ఇక్కడే మొదటి పొరపాటు జరిగిందని నాకనిపిస్తుంది. అప్పటి ఆట పద్ధతిలో ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవాళ్ళు. అంచుల్లో ఇద్దరు, మధ్యలో ఒకడు, వాళ్ళ మధ్య సందుల్లో ఇద్దరు. సందుల్లో ఆడేవాడి పని కొంచెం వెనక్కి దిగి బంతి తెచ్చుకోవడం, పక్కవాడికి అందించడం, అవకాశముంటే తనే కొట్టడం. ఎడమ వైపు సందులోనూ అంచులోనూ ఎక్కడ పెట్టినా బలరామ్ ఆడగలడు. అందుకే అతనంటే రహీంకి అంత ఇష్టం. కానీ అది పక్కవాళ్ళతో కలిసి వెలిగే ఆట. పంచపాండవులు గొప్పవాళ్ళైంది ఐదుగురు కావడం వల్ల. జనం జ్ఞాపకంలో మాత్రం ఐదుగురు చేసిన పని కుప్పగా మిగిలింది. ఆ కుప్పని తెచ్చి ఒక్కడి నెత్తిన పెట్టారు. ఐదు సర్వర్లు మోసిన లోడు ఒకదాని మీద వేసి, ఇది కొత్త మోడల్ కదా, ఎందుకు నెమ్మదిస్తోందని అడిగినట్టు.

*

తర్వాత ఏం జరిగిందో లెక్కలు చూద్దాం.

1957లో ఈస్ట్ బెంగాల్ ఢిల్లీలో డీసీఎం ట్రోఫీ గెలిచింది. లీగ్ మాత్రం మహమ్మడన్ స్పోర్టింగ్‌కి పోయింది. అదే ఏడాది డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ని ఓడించింది ఎవరో తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్. కుర్రాడు వదిలేసి వచ్చిన ఊరి జట్టే. 1958లో షీల్డ్ వచ్చింది. లీగ్ ఈస్టర్న్ రైల్వేకి పోయింది. 1959, 60 మళ్ళీ మోహన్ బగాన్. 1960 డ్యూరాండ్ కప్పు కూడా మోహన్ బగాన్‌తో పంచుకోవాల్సి వచ్చింది.

అంటే నాలుగు సీజన్లు. ఇప్పుడైతే నాలుగు మ్యాచులకే 'ఫ్లాప్' ముద్ర పడుతుంది. అప్పుడు కూడా కలకత్తా గ్యాలరీలు ఏమంత ఓపికమంతులవి కావు. గెలిస్తే భుజాల మీద మోసేవాళ్ళే, ఓడితే ఆటగాళ్ళు గుడారంలోంచి బయటికి రాలేని పరిస్థితి తెచ్చేవాళ్ళు.

ఈలోగా జాతీయ జట్టులో అతను ఎలా ఉన్నాడో చూడండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీతో మ్యాచ్. హంగేరీ అంటే ఆ దశాబ్దంలో ప్రపంచాన్ని వణికించిన దేశం. 2-1తో ఓడిపోయాం. మన ఒక్క గోలూ బలరామ్‌దే. పెరూతో 3-1తో ఓడినప్పుడూ మన ఒక్క గోలూ అతనిదే. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్. ఈ ముగ్గురినీ కలిపి త్రిమూర్తులన్నారు. పక్కన సరైనవాళ్ళుంటే ఈ కుర్రాడు ఏం చేస్తాడో అక్కడ కనపడుతూనే ఉంది.

1961లో బలరామ్ కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడాది లీగ్‌లో 23 గోల్స్, అందరికంటే ఎక్కువ. తొమ్మిదేళ్ళ తర్వాత లీగ్ ఈస్ట్ బెంగాల్‌కి వచ్చింది. షీల్డ్ మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. మా కొలీగ్ వాళ్ళింట్లో ఆ ఏడాదికి వేరే పేరే ఉందట. వాళ్ళ నాన్న పుట్టింది ఎప్పుడని అడిగితే నానమ్మ తేదీ చెప్పేది కాదు, "బలరామ్ లీగ్ తెచ్చిన ఏడు" అనేదట.

ఇక్కడితో కథ ముగిస్తే బావుంటుంది. అభిమానులు ఎదురుచూశారు, కుర్రాడు నెరవేర్చాడు. కానీ చరిత్ర ఇంకో రెండేళ్ళు నడిచింది.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్. థాయ్‌లాండ్ మీద ఒక గోల్, జపాన్ మీద ఒక గోల్ బలరామ్ కొట్టాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఇండియా స్వర్ణం గెలిచింది. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. రోవర్స్ కప్పుని ఈస్ట్ బెంగాల్ ఆంధ్రా పోలీస్‌తో కలిసి పంచుకుంది. అంటే మళ్ళీ అతని పాత ఊరి జట్టుతోనే. 1963 జూన్‌లో రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ ఏడాదే బలరామ్ ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్ రైల్వే జట్టుకి వెళ్ళాడు. కొద్దికాలానికే ఊపిరితిత్తుల జబ్బు అతని చేత ఆట మాన్పించింది. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్ళు.

ఇరవై ఏడు. నేను ఆ వయసులో ఇంకా 'జూనియర్' నుంచి 'సీనియర్' కావాలని అప్రైజల్ ఫారం నింపుతున్నాను.

*

త్రిమూర్తుల్లో మిగతా ఇద్దరితో పోలిస్తే ఆశ బరువు మనిషిని బట్టి, చోటుని బట్టి ఎంత మారుతుందో తెలుస్తుంది.

ఆటగాడిగా పీకే పెద్ద క్లబ్బుల గుమ్మం తొక్కలేదు. దాదాపు ఆడినన్నాళ్ళూ ఈస్టర్న్ రైల్వేకే ఆడాడు. ఉద్యోగం, జట్టు ఒకటే. ఆ జట్టు 1958లో లీగ్ గెలిస్తే అది అద్భుతం, గెలవకపోతే ఎవరి వంటింట్లోనూ పొయ్యి ఆరదు. చునీ సంగతి ఇంకా తమాషా. అతను పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్‌లో. అచ్చమైన తూర్పు బెంగాల్ బిడ్డ. ఆడింది జీవితాంతం మోహన్ బగాన్‌కి! అంటే కాందిశీకుల సొంత పిల్లవాడు ఎదుటి జట్టుకి ముద్దుబిడ్డ అయితే, కాందిశీకుల ఆశని మోసింది అమ్ముగూడ నుంచి వచ్చిన తమిళ కుర్రాడు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఇల్లు వదిలొచ్చినవాడి మీద బరువు మోపారు. అతను ఆ ఊళ్ళో ఎవరి కొడుకూ కాడు, ఎవరి మేనల్లుడూ కాడు. గెలిపించినంతవరకే సొంతవాడు.

దీని చేదు ఆయనలో చివరిదాకా ఉండిపోయింది. కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డారు. తిరిగి హైదరాబాద్ రాలేదు. ఈస్ట్ బెంగాల్‌తో తన బంధం ఎలా తెగిందో తలుచుకుని బాధపడేవారు, ఆ బాధని ఇంటర్వ్యూల్లో దాచుకునేవారు కాదు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కి రాలేదు. త్రిమూర్తులని పిలిచిన నోటితోనే ఇద్దర్ని పిలిచి మూడోవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టారు.

ఇది చదువుతున్నప్పుడు మొదట నాకు ఆ అభిమానుల మీద కోపమొచ్చింది. పేదరికంలోంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడి మీద ఒక విభజన మొత్తాన్ని మోపడమేమిటి అని. తర్వాత ఆ కోపం నిలవలేదు. టికెట్టు కోసం అన్నం మానుకున్నవాణ్ణి నువ్వు ఎక్కువ ఆశించావని ఏ మొహంతో అంటాను? అతనికి ఆశ తప్ప ఏం మిగిలింది గనక?

ఇప్పుడు సైకిలు దగ్గరికి వస్తాను. రహీం కూడా ఆశించినవాడే. బహుశా అందరికంటే ఎక్కువ. కానీ ఆయన ఆశకి ముందు ఒక ప్రశ్న ఉంది. 'నువ్వు ఇక్కడికి ఎలా వస్తావు?' దానికి కుర్రాడు చెప్పిన జవాబు విని జేబులో చెయ్యి పెట్టాడు. గ్యాలరీకి ఆ ప్రశ్న వేసే వీలు లేదు. కానీ గ్యాలరీకీ ఆటగాడికీ మధ్య ఒక సంస్థ ఉంటుంది. క్లబ్బు, సమాఖ్య, ప్రభుత్వం. జనం ఆశని టికెట్ల రూపంలో వసూలు చేసుకునేది అవే. ఆ ఆశని మోసినవాడికి జబ్బు చేసినప్పుడు, వయసైపోయినప్పుడు, తిరిగి ఏం ఇవ్వాలో చూడాల్సింది కూడా అవే. ఆ కాలంలో మన ఆటగాళ్ళు కాగితం మీద అమెచ్యూర్లు. చేతికొచ్చేది తక్కువ, రేపటికి హామీ రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. అభిమానం మాత్రం పూర్తి ప్రొఫెషనల్ స్థాయిలో ఉండేది. తేడా వచ్చింది ఇక్కడేనని నా అనుమానం. ఆశ ఎక్కువ కావడం వల్ల కాదు, ఆశకి బదులు చూసేవాడు లేకపోవడం వల్ల.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. కలకత్తా బలరామ్ నుంచి మరీ ఎక్కువ ఆశించింది, నిజమే. మరి హైదరాబాద్? మేం ఏమీ ఆశించలేదు. వెళ్ళేటప్పుడు ఆపలేదు, వెళ్ళాక తలుచుకోలేదు. ఆయన తర్వాత 1966లో నయీముద్దీన్, హబీబ్ అదే ఈస్ట్ బెంగాల్ దారి పట్టారు. ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయాక ఊళ్ళో ఆటే పలచబడిపోయింది. మోయలేనంత ఆశ ఒక అన్యాయమైతే, అసలు గుర్తే లేకపోవడం ఏమిటి? బారిసాల్ ముసలాయన దేవుడి పటాల పక్కన పెట్టుకున్న మనిషి పేరు, ఆ మనిషి ఊరి గేటు దగ్గర రోజూ ఆగే నాకు తెలియకపోవడం ఏమిటి?

*

2023 ఫిబ్రవరి 16న మా కొలీగ్ నుంచి మెసేజ్ వచ్చింది. ఒకే ఒక్క మాట. "బలరామ్." అర్థమైంది. చునీ, పీకే ఇద్దరూ 2020లోనే వెళ్ళిపోయారు. త్రిమూర్తుల్లో చివరి ఆయన. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ కూడా పోయారు. ఆ వార్తకి మాత్రం నేనే ముందు మెసేజ్ పెట్టాను.

ఫిబ్రవరిలో ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అమ్ముగూడ స్టేషన్ దగ్గర బండి ఆపాను. బోర్డు ఫొటో తీశాను. పసుపు పలక మీద నల్ల అక్షరాలు. పక్క ఖాళీ స్థలంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాళ్ళలో ఒకణ్ణి పిలిచి, బలరామ్ పేరు విన్నావా అని అడిగాను. "ఏ ఫ్లాట్ అంకుల్?" అన్నాడు.

ఫొటో పంపాను. కాసేపటికి జవాబొచ్చింది. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. నాన్నకి చూపించాడట. ఆయన ఫోన్ తీసుకుని, బోర్డుని వేళ్ళతో పెద్దది చేసుకుని, తెలుగు రాకపోయినా ఆ అక్షరాల మీద వేలుపెట్టి ఒక్కొక్కటే చూశాడట. తర్వాత అడిగాడట, "అక్కణ్ణుంచి గ్రౌండుకి సైకిల్ మీద ఎంతసేపు పడుతుందో కనుక్కో" అని.

మ్యాప్‌లో చూశాను. ఎల్బీ స్టేడియం దాకా సైకిలు మీద, ఇప్పటి ట్రాఫిక్‌లో, గంటకి పైనే.